వెనక అద్దం మీద చేతులు

మా తెలుగు చర్చిలో ఎవరి కారు వెనక అద్దం పగిలినా షాపుకన్నా ముందు నాకే ఫోన్ వస్తుంది. "సిస్టర్, మీకోసారి అయింది కదా, ఏం చెయ్యాలి?" అంటారు. నేను పాఠం అప్పజెప్పినట్టు గడగడా చెప్పేస్తాను. ముందు అద్దం మీద చిన్న పగులొస్తే జిగురు నింపి సరిచేస్తారు కానీ వెనక దానికి ఆ అవకాశం లేదని, తగిలిందంటే మొత్తం రాలిపోతుందని, పూర్తిగా మార్చాల్సిందేనని చెప్తాను. అందులో మంచు కరిగించే సన్న గీతలుంటాయి, కొన్నిటికి రేడియో తీగ కూడా అందులోనే ఉంటుంది, వైపర్ ఉంటే దానికో కన్నం ఉంటుంది, అందుకని కారు పేరొక్కటే చెప్పి ఊరుకోకుండా, ఒక్కో కారుకి విడిగా ఉండే విన్ నంబరు కూడా ఇమ్మంటాను. అద్దం లేకుండా తిరగొద్దు, పొగ లోపలికొస్తుంది అంటాను. ప్లాస్టిక్ కవరు అంటించేటప్పుడు టేపు రంగు మీద వెయ్యొద్దంటాను. మార్చిన మర్నాడు తలుపులు ఎలా వెయ్యాలో కూడా చెప్తాను.

ఒక్క సంగతి మాత్రం చెప్పను. అది ఫోన్లో చెప్పేది కాదు. పైగా అది చెప్పాలంటే నా మీద నేనే చాడీ చెప్పుకోవాలి.

అక్టోబరు ఆఖరు. ఎనిమిదేళ్ల మా అమ్మాయిని స్కూలు నుంచి తీసుకొస్తున్నాను. మేముండేది అమెరికాలో, ఆష్‌బర్న్‌లో. రోడ్డుకి రెండు పక్కలా కిటికీల్లేని డేటా సెంటర్లు, వాటి ముందు ఎప్పుడూ ఎవరో ఒకరు గడ్డి కోస్తూ ఉంటారు. ఆ రోజూ కోస్తున్నారు. నేను చూశాను, చూసి పట్టించుకోలేదు. మా పాప వెనక సీట్లో కూర్చుని, ఆ రోజు లంచ్‌లో ఎవరు ఎవరితో మాట్లాడడం మానేశారో చెప్తోంది. ఆ మాట మధ్యలో ఢామ్మని చప్పుడైంది.

తుపాకీ అనుకున్నాను. ఇక్కడ పిల్లల్ని పెంచుతున్న ఎవరినైనా అడగండి, స్కూలు దగ్గర్లో పెద్ద చప్పుడైతే మనసు ముందు ఎక్కడికి పోతుందో చెప్తారు. మిర్రర్‌లో చూస్తే వెనక అద్దం తెల్లగా మంచు పట్టినట్టుంది. చూస్తుండగానే అది కుప్పగా కూలింది. పటికబెల్లం పలుకుల్లాంటి ముక్కలు సీటు మీదా, డిక్కీలోనూ, నా మెడ మీదా పడ్డాయి. పాప మాట ఆగిపోయింది.

పేరు పెట్టి పిలిచాను. పలకలేదు. ఇంకోసారి పిలిచాను. పలకలేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కారు ఎలా పక్కకి తీశానో, ఎవరు హారన్ కొట్టారో నాకు గుర్తు లేదు. ఒక డేటా సెంటర్ గేటు ముందు ఆపి, వెనక తలుపు తెరిచాను.

అది తల మోకాళ్ల మీద పెట్టుకుని, రెండు చేతులూ మెడ వెనక కట్టుకుని, ముడుచుకుని ఉంది. తుపాకీతో ఎవరైనా వస్తే ఎలా దాక్కోవాలో స్కూల్లో డ్రిల్ చేయిస్తారు, అలా. జాకెట్ టోపీ నిండా గాజు పలుకులు. గీత కూడా పడలేదు. ఆ గాజు అలా పొడిపొడిగా పగలడమే మనకి రక్ష అని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం తల తడిమి, చెవుల వెనక చూసి, వేళ్లు లెక్కపెట్టినంత పని చేశాను.

తల ఎత్తకుండానే, ఊపిరి చప్పుడంత నెమ్మదిగా అడిగింది. "మమ్మీ, హి వెళ్లిపోయాడా?"

"ఎవరూ లేరమ్మా. రాయి తగిలిందంతే. గడ్డి మిషన్ నుంచి ఎగిరొచ్చింది. ఏం కాలేదు. ఏం కాదు."

ఎత్తుకుని దింపితే సీటు తడిసి ఉంది. నా స్వెటర్ విప్పి దాని నడుముకి చుట్టాను. "ఎవరికీ చెప్పద్దులే," అన్నాను. ఊరడింపుగానే అన్నాను. అది తలూపింది.

ఏం కాదు అన్నది నా ఊతపదం. జ్వరమొచ్చినా ఏం కాదు, లెక్కల పరీక్ష పోయినా ఏం కాదు, వీసా కాగితాలు ఆలస్యమైతే మా ఆయనకి రాత్రింబవళ్లు చెప్పింది కూడా అదే. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. పొద్దస్తమానం ఏమేం తప్పు జరగొచ్చో వెతికి రాసి పంపుతాను. ఇంటికొచ్చేసరికి మాత్రం ఏదీ తప్పు జరగదు. మా ఆయన దీని మీద నన్ను బాగా ఆటపట్టిస్తారు.

ఆ వారమంతా పాప స్కూలు బస్సులో వెళ్లింది. మా కారు దగ్గరికి రమ్మంటే గరాజు మెట్టు మీదే ఆగిపోయేది. రోజుకి రెండుసార్లు అడిగేది, కొత్త అద్దం వేశాక మళ్లీ బ్రేక్ అవుతుందా అని. ఏం కాదు అనేదాన్ని. కాసేపు నా మొహంలోకి చూసి లోపలికి వెళ్లిపోయేది. నేను వాక్యూమ్ పెట్టి సీట్ల సందుల్లో పలుకులు తీసేదాన్ని. ఎన్ని తీసినా ఇంకా ఉండేవి. ఒకటి దాని బూస్టర్ సీటు మడతలో దొరికింది.

శనివారం మధ్యాహ్నం అద్దం వేసే ఆయన వ్యాన్‌లో వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి, మాట తక్కువ. పాత జిగురు గీకి, శుభ్రం చేసి, తారులాంటి నల్ల జిగురు అంచు చుట్టూ తీగలా పోసి, కొత్త అద్దాన్ని పసిపిల్లని పడుకోబెట్టినట్టు దాని మీద ఆనించాడు. గీతలకి కరెంటు వైర్లు కలిపి, వేడెక్కుతోందో లేదో నన్ను వేలు ఆనించి చూడమన్నాడు. పైన రెండు మూలలా నీలం టేపు వేశాడు.

తర్వాత జాగ్రత్తలు చెప్పాడు. చలికి జిగురు ఆరడం ఆలస్యమవుతుంది, సోమవారం సాయంత్రం దాకా ఓపిక పట్టమన్నాడు. మెల్లగా నడుపుకోవచ్చు. తలుపులు దబాల్న వెయ్యకూడదు, లోపలి గాలి అద్దాన్ని బయటికి తోస్తుంది. ఒక కిటికీ వేలెడంత దించి ఉంచాలి. టేపు తియ్యకూడదు. అద్దం మీద చేత్తో ఒత్తకూడదు.

అప్పటిదాకా మెట్టు మీద నిలబడి చూస్తున్న మా పాప దిగొచ్చి, ఆయన్నే నేరుగా అడిగేసింది, ఇది మళ్లీ పగులుతుందా అని. ఆయన చేతులు తుడుచుకుంటూ ఆలోచించాడు. గాజు కదా, పగలొచ్చు అన్నాడు. పగిలితే మాత్రం నిన్ను కొయ్యకుండా ఉండేలానే దాన్ని చేశారు, మొన్న కొయ్యలేదు కదా అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. పగలదు అని ఒక్క ముక్క అంటే ఈయన సొమ్మేం పోతుంది అనుకున్నాను. పాప మాత్రం ఓకే అంది. వెళ్లి కొత్త అద్దంలో తన మొహం చూసుకుంది, దూరం నుంచే.

ఆదివారం మా ఆయనకి డేటా సెంటర్‌లో డ్యూటీ. మా ఆరాధన మధ్యాహ్నం రెండింటికి. ఒక అమెరికన్ చర్చి వాళ్లు, వాళ్ల ప్రార్థన అయ్యాక హాలు మాకు అద్దెకిస్తారు. ఎవరినైనా వచ్చి తీసుకెళ్లమని అడగొచ్చు. అడిగితే కాదనేవాళ్లు లేరు. నాకు మొహమాటం. అద్దం వేసినాయన మెల్లగా నడుపుకోవచ్చన్నాడు కదా అని కారే తీశాను. పాప తలుపు పట్టుకుని నిలబడింది.

"మమ్మీ, షూర్ ఆ?"

"షూర్. ఏం కాదు, ఎక్కు."

ఎక్కింది. తలుపు నేనే దూది అద్దినట్టు మూశాను.

మా చర్చిలో ప్రమాదం తప్పినవాళ్లు, దేవుడెలా కాపాడాడో అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి. చట్టమేమీ లేదు కానీ, చెప్పకపోతే ఏదో దాచుకున్నట్టుంటుంది. మైకు నా చేతికొచ్చింది. రాయి సంగతి, అద్దం సంగతి చెప్పాను. కోస్తా నుంచి వచ్చిన మా వాళ్లు వినడంలో కూడా ఉదారులు, ప్రతి వాక్యానికీ స్తోత్రం అన్నారు. ఆ స్తోత్రాలకి నాకూ ఊపొచ్చింది. "దేవుడి దయవల్ల పాప మీద గీత కూడా పడలేదు. అసలు కొంచెం కూడా భయపడలేదు నా బంగారు తల్లి," అన్నాను.

హాలంతా స్తోత్రం అంది. సండే స్కూల్ పిల్లల వరసలో మా పాప నావైపు చూసింది. తర్వాత తన బూట్లవైపు చూసుకుంది. నేను మైకు ఇచ్చేసి కూర్చున్నాను.

ఆరాధన అయ్యాక పాస్టర్ గారు, "రండి, ఆ వాహనం మీద చేతులుంచి ప్రార్థన చేద్దాం," అన్నారు. ఇది మా వాళ్ల పద్ధతి. కొత్త కారు కొన్నా, కొత్త ఇంట్లో చేరినా, చేతులుంచాల్సిందే. నేను కుర్చీలోంచి లేవకముందే సగం మంది పార్కింగ్‌లో ఉన్నారు.

పరుగులాంటి నడకతో వెళ్లేసరికి చర్చి పెద్దల్లో ఒకాయన, మేమంతా అంకుల్ అని పిలిచే మనిషి, మూలనున్న టేపు గోటితో లేపుతున్నారు. ఆయనకి శుభ్రం పిచ్చి. హాలు కుర్చీలు కూడా దారం పట్టి సర్దుతారు.

"అంకుల్, అది..." అన్నాను.

"ఫోటో తీస్తారు కదమ్మా, ఇదేంటి ఇలా అతుకుల బొంతలాగ. ఉండు, నీట్‌గా తీసేస్తాను."

తీసేశారు. రెండో మూలది కూడా తీసి, ఉండ చుట్టి జేబులో వేసుకున్నారు. చుట్టూ నలభై మంది. అందరూ నా బిడ్డ కోసం చలిలో నిలబడినవాళ్లు. వద్దండీ, జిగురు ఇంకా ఆరలేదు. నాలుగు మాటలు. ప్రార్థన అడ్డుకున్నట్టు అవుతుందేమో, విశ్వాసం లేదనుకుంటారేమో అని ఆ నాలుగు మాటలూ మింగేశాను. "పర్వాలేదా అమ్మా?" అని పాస్టర్ గారు అడిగారు కూడా. "పర్వాలేదండీ," అన్నాను.

చేతులు పడ్డాయి. తలుపుల మీద, పైకప్పు మీద, ఎక్కువ చేతులు కొత్త అద్దం మీద. అద్దానికే కదా జరిగింది. ప్రార్థన మొదలైంది, గొంతులు పెరిగాయి, గొంతులతో పాటు చేతుల బరువూ పెరిగింది. అంకుల్ కుడి అరచెయ్యి సరిగ్గా పై మూలన ఉంది. ఆయన ఆమెన్ అన్నప్పుడల్లా ఆ చెయ్యి ఒక ఒత్తు ఒత్తుతోంది.

అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. అద్దం మీద చేతులు లెక్కపెడుతున్నాను. పదకొండు. పదకొండో చెయ్యి దాటి చూస్తే కారుకి అవతల మా పాప నిలబడి ఉంది. దాని కళ్లూ తెరిచే ఉన్నాయి. ఒత్తకూడదని అది కూడా విన్నది కదా. చేతులవైపు చూసింది. నావైపు చూసింది. చెప్పు అన్నట్టు.

నేను కళ్లు మూసుకున్నాను.

ఆ తర్వాత సాగనంపడం. మా వాళ్లు కారు దాకా రాకుండా ఎవరినీ పంపరు, వచ్చాక ఒక పట్టాన వదలరు. ఒక ఆంటీ బిర్యానీ డబ్బా తెచ్చి వెనక సీట్లో పెట్టి తలుపు దబ్బున వేశారు. సరిగ్గా పడలేదని మళ్లీ తీసి మళ్లీ వేశారు. పెరుగు చట్నీ మర్చిపోయానంటూ మూడోసారి తీశారు. వేసినప్పుడల్లా నవ్వుతూనే చెయ్యి ఊపాను.

హైవే ఎక్కి రెండు మైళ్లు వచ్చానో లేదో, ఈల వినిపించింది. సన్నగా, వెనక నుంచి. దించి ఉంచిన కిటికీలోంచి అనుకున్నాను. కిటికీ మూసేశాను. ఈల ఆగలేదు. స్పీడు తగ్గిస్తే తగ్గింది, పెంచితే పెరిగింది. పక్కనుంచి పెద్ద ట్రక్కు దాటినప్పుడు వెనక ఎక్కడో టిక్ మంది.

వెనక కార్లు తరుముకొస్తున్నట్టున్నాయి. ఆ అద్దం ఊడి బయట పడితే వెనక వాళ్ల మీద పడుతుంది. లోపలికి పడితే నా బిడ్డ మీద పడుతుంది. లోపలికి పడుతుందా, బయటికి పడుతుందా? అద్దం వేసినాయన్ని అదొక్కటీ అడగలేదు.

"మమ్మీ, ఆ సౌండ్ ఏంటి?"

ఏం కాదు అనబోయాను. నోట్లో 'ఏం' దాకా వచ్చి ఆగిపోయింది. నా జవాబు కోసం పాప ఎంతోసేపు చూడలేదు. మిర్రర్‌లో చూస్తున్నాను. అది చప్పుడు లేకుండా బిర్యానీ డబ్బా పక్కకి జరిపింది. తల మోకాళ్ల మీద పెట్టుకుంది. రెండు చేతులూ మెడ వెనక కట్టుకుంది.

ఏడవలేదు. నన్ను పిలవలేదు. నన్ను అడిగి లాభం లేదని దానికి అర్థమైపోయింది. అంత భయం నాకు అద్దం పగిలిన రోజు కూడా వెయ్యలేదు.

తర్వాతి ఎగ్జిట్‌లో దిగి, ఆదివారం మూసి ఉన్న ఏదో ఆఫీసు పార్కింగ్‌లో ఆపాను. వెనక్కి వెళ్లి దాని పక్కన కూర్చున్నాను. తలుపు తెరిచే ఉంచాను. అది తల ఎత్తలేదు.

"నాన్నా, ఆపేశాను. లే."

"నువ్వు చెప్పావ్, నేను స్కేర్డ్ కాదు అని," అంది మోకాళ్లలోంచి. "ఎవ్రీబడీకి చెప్పావ్. మైక్‌లో."

"చెప్పాను."

"ఐ వాజ్ స్కేర్డ్. నేను పీ చేశాను. నువ్వు చూశావ్."

"చూశాను. అబద్ధం చెప్పాను. వాళ్లు చేతులు పెడుతుంటే వద్దని చెప్పాలి, అదీ చెప్పలేదు. అంకుల్ వాళ్లు ఏమనుకుంటారో అని భయమేసింది. ఇప్పుడు కూడా భయంగానే ఉంది. అద్దం ఊడిపోతుందేమో అని హైవే మీద వణికిపోయాను."

చేతులు మెల్లగా విడ్డాయి. తల లేచింది. జుట్టంతా మొహానికి అంటుకుని ఉంది.

"నువ్వు కూడానా?"

"నేను కూడా."

"ఇది మళ్లీ బ్రేక్ అవుతుందా?"

"తెలీదమ్మా," అన్నాను. ఎనిమిదేళ్లలో దానికి ఆ మాట చెప్పడం అదే మొదటిసారి. అది నా చెయ్యి పట్టుకుంది. దాని వేళ్లు మంచుముక్కల్లా ఉన్నాయి.

ఇద్దరం దిగి వెనక్కి వెళ్లి చూశాం. అంకుల్ అరచెయ్యి ఉన్న పై మూలలో అద్దం ఒక గింజంత లోపలికి దిగింది, దాని పక్కన జిగురు తీగ సాగి సన్న సందు పడింది. కార్డు ముక్క పెడితే దూరేలా ఉంది. ఈల దాంట్లోంచే వచ్చింది. సోమవారం అద్దం వేసే ఆయన మళ్లీ వచ్చి మొత్తం తీసి కొత్తగా అతికించాడు. ఎవరు ఒత్తారని అడిగితే, నా తప్పే అన్నాను.

ఆ సాయంత్రం మాత్రం ఇక ఆ కారు కదపదలుచుకోలేదు. ఎవరికి ఫోన్ చెయ్యాలా అని ఆలోచిస్తుంటే పాపే చెప్పింది, అంకుల్‌కి చెయ్యమని. ఆయనిల్లు అక్కడికి దగ్గర. చేశాను. అంకుల్, మీ వల్ల ఒక ఇబ్బంది అయింది, నేనే చెప్పాల్సింది, చెప్పలేదు అని మొదలుపెట్టి, జరిగిందంతా చెప్పాను. "అక్కడే ఉండమ్మా, వస్తున్నా," అన్నారు.

పది నిమిషాల్లో వచ్చారు. ఇంట్లో చెప్పులతోనే వచ్చేశారు. చేతిలో, ఇందాక జేబులో వేసుకున్న ఆ నీలం టేపు ఉండ. అది మళ్లీ అతికిద్దామనుకున్నారో ఏమో పాపం. "ఏ మూల అమ్మా?" అంటూ నేరుగా అద్దం మీదికి చెయ్యి చాపారు.

"అంకుల్, టచ్ చెయ్యొద్దు," అంది మా పాప. గట్టిగా ఏం అనలేదు. "అది ఇంకా డ్రై అవ్వలేదు."

ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నా నోటికి అలవాటుగా పర్వాలేదండీ వచ్చింది. పళ్లు బిగించి ఆపుకున్నాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, మోకాళ్లు పట్టుకుంటూ దాని ఎత్తుకి వంగారు.

"సారీ రా తల్లీ. బాగా భయపడ్డావా?"

పాప నావైపు చూసింది. ఆ జవాబు ఎప్పుడూ నేనే చెప్పేదాన్ని. నేను ఏమీ అనలేదు.

"యా," అంది. "మమ్మీ కూడా."

ఆయన నావైపు చూశారు. అవునండీ అన్నాను.